కాఫీ గది తాళంచెవి నీ దగ్గరే ఎందుకుంది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. మా ఆయన వాళ్ళది తెనాలి, పూజలూ వ్రతాలూ బాగా చేసే ఇల్లు. ప్రేమ పెళ్ళి. అమెరికా వచ్చాక ఆయనతో గుడికెళ్తే నాకు ఇబ్బంది, నాతో చర్చికొస్తే ఆయనకి ఇబ్బంది, పాప పుట్టాక ఇద్దరికీ కుదిరే చోటు కోసం వెతికి వెతికి నాలుగేళ్ళ కిందట మా ఊళ్ళో యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ కాంగ్రిగేషన్‌లో చేరాం. మనుషులు చాలా మంచోళ్ళు. కానీ లిస్టులో మెంబర్లు 130, ఆదివారం వచ్చేది 70, పని చేసేది 9 మంది, ఆ తొమ్మిదిలో నేనొకదాన్ని. మొదట ఒక్క వారం సర్వీసు (ఆరాధన) అయ్యాక అందరికీ కాఫీ పెట్టమన్నారు, ఇప్పుడు రెండేళ్ళుగా నెలకి మూడు ఆదివారాలు నేనే. ఆరెంజ్ మూత ఫ్లాస్కు డీకాఫ్‌ది (కెఫీన్ లేని కాఫీది) అని కూడా నాకు తప్ప ఎవరికీ తెలీదు. పిల్లల క్లాసు నాదే, దీపావళి సర్వీసు వస్తే సమోసాలూ నావే. ఇప్పుడు పదవులకి మనుషుల్ని వెతికే నామినేటింగ్ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, సంఘాన్ని నడిపే బోర్డులో మూడేళ్ళు ఉండమంటున్నారు. మా ఆయన "నిన్ను వాడుకుంటున్నారు, మొత్తానికే మానెయ్" అంటున్నాడు. మానేస్తే పాప ఏడుస్తుంది, నాకూ మనసొప్పట్లేదు. మొహమాటంతో కాదనలేకపోతున్నా. ఏం చెయ్యను? ఇంతకీ మిగతావాళ్ళెందుకు చెయ్యరు? — ఒక చెల్లి

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే ఆ ఆరెంజ్ మూత దగ్గర నవ్వాగలేదు, ఎందుకంటే నేనూ ఇట్లాంటి చోటే 14 నెలలు కాఫీ పెట్టిన దాన్ని, ఆ వంద కప్పుల అర్న్ (కాఫీ కాచే పెద్ద పాత్ర) మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. నల్ల హ్యాండిళ్ళు, పక్కన చిన్న ఎర్ర లైటు, కాఫీ కాగడానికి దాదాపు గంట, అంటే సర్వీసు పదిన్నరకైతే తొమ్మిదిన్నరకల్లా నీళ్ళు పోసి స్విచ్ వెయ్యాలి, నీళ్ళ కంటే ముందు పెట్టే గొట్టం (పొడి బుట్ట ఉండేది దాని మీదే) సరిగ్గా కూర్చోకపోతే మొత్తం వేడి నీళ్ళే వస్తాయి. ఇదంతా నీకు తెలుసనుకో. తెలిసింది నీకొక్కదానికే కావడమే గొడవంతా.

మీ ఆయన మాటలో సగం నిజముంది, సగం లేదు. సగం లేదని ఎందుకంటున్నానంటే, "వాళ్ళు" నిన్ను వాడుకోవడం అన్న లెక్క ఇక్కడ సరిపోదు. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి కాస్త వివరంగా చెప్తా, నీకు తెలిసిందే అయితే ఈ ముక్క దాటెయ్.

యూనిటేరియన్లు, యూనివర్సలిస్టులు అని అమెరికాలో రెండు పాత లిబరల్ శాఖలుండేవి, 1961లో రెండూ కలిసి ఒకటయ్యాయి, హెడ్ ఆఫీసు బోస్టన్‌లో. ఫలానాది నమ్మితేనే మెంబరు అన్న షరతు లేదు. ఒకే వరుసలో క్రిస్టియనూ నాస్తికుడూ ధ్యానం చేసే బౌద్ధుడూ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని వచ్చిన మనిషీ కూర్చుంటారు. నమ్మకం సంగతి అట్లా ఉంచు, పని సంగతికొస్తే అసలు తేడా ఏంటంటే పైన బిషప్పు లేడు. మినిస్టర్‌ని (మన పాస్టరు లాంటివాళ్ళని) పంపేవాళ్ళు లేరు, మెంబర్లే వెతికి, ఇంటర్వ్యూలు చేసి, ఓటేసి తెచ్చుకుంటారు. బడ్జెట్ మెంబర్లే ఏటా మీటింగులో ఓటేసి పాస్ చేస్తారు. బోస్టన్ నుంచి డబ్బులు రావు, మనమే వాళ్ళకి ఏటా చందా పంపుతాం. కాబట్టి పైకప్పు కారితే అది మనింటి కప్పు కారినట్టే, ఎవరికో కంప్లైంట్ పెట్టేది లేదు.

ఇంకో సంగతి. 1948లో యూనిటేరియన్లు ఫెలోషిప్పులని మొదలుపెట్టారు, ఊళ్ళో పదిమంది ఉంటే చాలు, మినిస్టర్ లేకపోయినా సరే మీరే సర్వీసు నడుపుకోండి అన్నారు. ఎవరింట్లోనో, అద్దె హాల్లోనో కుర్చీలేసుకుని ప్రసంగం ఒకరు, పియానో ఒకరు, కాఫీ ఒకరు అనుకుని నడిపారు. ఇప్పుడున్న చాలా కాంగ్రిగేషన్లు అట్లా పుట్టినవే, మీ గుమ్మం ముందు నేమ్‌బోర్డు మీద ఫెలోషిప్ అని ఉంటే మీదీ అదే బాపతు కావచ్చు. ఆ పదిమందిలో "వాలంటీరు" అనేవాడే లేడు, ఎందుకంటే పని చెయ్యనివాడు కూడా లేడు. 130 మంది అయ్యాకే "వాలంటీర్లు కావలెను" అన్న మాట పుడుతుంది. ఆ మాట పుట్టిన రోజునే మనుషులు రెండు రకాలైపోతారు, పెట్టేవాళ్ళూ తాగేవాళ్ళూ.

నువ్వు గుంటూరు లూథరన్ ఇంట్లో పెరిగావు కాబట్టి చర్చిలో స్త్రీల సమాజం అంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు. అక్కడ పాస్టరుగారు ఒక మాట చెప్తే, లేదా పాస్టరమ్మగారు ఒక్క చూపు చూస్తే పని అయిపోతుంది. గుళ్ళో అయితే పుణ్యం ఉంది. తిరుమల శ్రీవారి సేవకి వెళ్ళేవాళ్ళని చూడు, కండువా వేసుకుని, క్యూలో నీళ్ళిచ్చినా, కూరగాయలు తరిగినా మురిసిపోతూ వస్తారు. ఎందుకో తెలుసా, దేవుడి పని అన్నది ఒకటి, రెండోది ఎవరూ పెద్దగా గమనించనిది, వారం తర్వాత అది అయిపోతుంది. ఫలానా రోజు మొదలు, ఫలానా రోజు ఆఖరు, డ్యూటీ ఎక్కడో వాళ్ళే చెప్తారు, అయ్యాక బస్సెక్కి ఇంటికొచ్చెయ్యడమే. నీ కాఫీ డ్యూటీకి ఆఖరి రోజేదీ? లేదు. మీ వాళ్ళలో పని తప్పించుకునేవాళ్ళలో సగం మందికి భయం ఆ పనంటే కాదు, ఒకసారి చెయ్యి పెడితే ఇక బయటపడలేం అని. నిన్ను చూసే ఆ భయం నేర్చుకున్నారు, ఏమీ అనుకోకు.

మిగతావాళ్ళెందుకు చెయ్యరు అని అడిగావుగా, నా అనుభవం చెప్తా. పైన చెప్పిన 14 నెలల్లో ప్రతి వారం నేను లోపల సణుక్కుంటూ, పైకి నవ్వుతూ కప్పులు కడిగేదాన్ని. ఒక్కరైనా వంటింట్లోకి తొంగి చూడరేంటి అని కోపం. ఒక ఆదివారం 102 జ్వరం, లేవలేకపోయా, ఎవరికీ ఫోన్ చేసే ఓపిక కూడా లేదు. ఆ రోజు కాఫీ లేదు. అర్న్ ఉన్న కప్‌బోర్డుకి తాళం, తాళంచెవి నా కార్లో. జనం నీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారంట. తర్వాతి వారం నేను వెళ్ళేసరికి ఇద్దరు పెద్దమనుషులు నాకంటే ముందొచ్చి వంటింట్లో నిలబడి ఉన్నారు, ఒకాయన రిటైర్డ్ ఇంజనీరు. "ఇది ఎట్లా పెట్టాలో చూపిస్తావా, మేం ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నాం, నువ్వు చాలా స్పీడుగా చేస్తావు, అడ్డమొస్తే నీకు నచ్చదేమో అని ఆగాం" అన్నాడు. నాకు తల తీసేసినట్టైంది. వాళ్ళు బద్ధకస్తులని నేను, నేను ఎవర్నీ దగ్గరికి రానివ్వనని వాళ్ళు, ఏడాది పైన ఒకే హాల్లో అట్లా గడిపేశాం. ఆ ఇంజనీరు ఆ సాయంత్రమే ఏడు స్టెప్పులు పెద్దక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అర్న్ పైన గోడకి అంటించాడు. మొదటి స్టెప్పు "గొట్టం ముందు". ఆ కాగితం వచ్చాక కాఫీ ఎవరైనా పెట్టొచ్చు అన్నట్టైంది, అంతకు ముందు అది నా పని, అంతే.

అట్లాగని అందరూ అమాయకులని కాదు, "అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఎప్పటికీ కదలని బ్యాచ్ ప్రతిచోటా ఉంటుంది. కానీ వాళ్ళని లెక్కపెడుతూ కూర్చుంటే నువ్వే చేదైపోతావు. ఇంకొకటి, వెనక వరుసలో కూర్చుని కొవ్వొత్తి వెలిగించే టైములో వెలిగించి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఏడ్చి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు చూడు, భర్త పోయినావిడో, కీమో నడుస్తున్నాయనో, వాళ్ళని మాత్రం ఈ లెక్కల్లోకి లాగకు. వాళ్ళు వచ్చి కూర్చోవడమే వాళ్ళకి పెద్ద పని.

ఇక స్టేజీ మీంచి "మాకు వాలంటీర్లు కావాలి, దయచేసి ముందుకు రండి" అని అనౌన్స్ చేయిస్తుంటే ఆపించు, అది దండగ. డెబ్భై మందికి చెప్తే డెబ్భై మందీ పక్కవాళ్ళ వంక చూస్తారు. రాజుగారి గంగాళంలో అందరూ తలా చెంబుడు పాలు పొయ్యమంటే పొద్దున్నకి గంగాళం నిండా నీళ్ళున్న కథ మన పిల్లలకి చెప్తాం కదా, అదే. మనిషిని చూసి, పేరు పెట్టి, చిన్న పని, తేదీతో సహా అడగాలి. "నువ్వు మార్చిలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం నాతో కాఫీ పెడతావా, ఏప్రిల్ నుంచి ఈ పని నీది కాదు" అని. ఆ చివరి ముక్క తప్పకుండా అను, మంత్రంలా పనిచేస్తుంది. ఎప్పుడూ ఇద్దర్ని పెట్టు, అందులో ఒకరు పాతవాళ్ళు, ఒకరు కొత్తవాళ్ళు, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్ళకి కాఫీ అవర్లో కప్పు పట్టుకుని ఎవరితో మాట్లాడాలో తెలీక గోడకి ఆనుకుని నిలబడే బాధ ఉంటుంది, నీకూ ఉండే ఉంటుంది మొదట్లో, చేతిలో టవల్ పెట్టి కప్పులు తుడవమంటే పావుగంటలో నలుగురు పేర్లు తెలుస్తాయి. నాకున్న ముగ్గురు గట్టి స్నేహితులూ ఆ సింకు దగ్గర దొరికినవాళ్ళే.

పని ఇచ్చాక వాళ్ళ పద్ధతిలో చెయ్యనివ్వాలి. ఇది మనాడవాళ్ళకి చాలా కష్టం. కాఫీ పల్చగా పెడతారు, బిస్కెట్లు ప్యాకెట్లోనే పెట్టేస్తారు, డీకాఫ్ మామూలు ఫ్లాస్కులో పోసేస్తారు, ఎవరికో రాత్రి నిద్ర పట్టదు. పట్టకపోనీ. నువ్వు వెనకాలే వెళ్ళి సర్దావంటే ఆ మనిషి మళ్ళీ రాడు, పని తిరిగి నీ నెత్తికే వస్తుంది.

పిల్లల క్లాసు దగ్గర మాత్రం ఇంత తెగింపు వద్దు. కాఫీ లేకపోతే ఎవరూ చావరు, కానీ క్లాసులో సాధారణంగా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండి తీరాలని రూలుంటుంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా చేయిస్తారు, అంటే రేపు ఆదివారం నేను రానంటే అప్పటికప్పుడు మనిషి దొరకరు. మే నెలాఖరు వరకు చేస్తాను, సెప్టెంబర్‌లో చెయ్యను అని ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పు. లేదా అది నీకిష్టమైన పనైతే అదొక్కటి ఉంచుకుని మిగతావి వదిలెయ్. నీ ఉత్తరంలో కాఫీ గురించి చాలా రాశావు, సమోసాల గురించి చికాగ్గా రాశావు, పిల్లల గురించి ఒక్క కంప్లైంటూ లేదు, గమనించావా?

సమోసాల దగ్గరికే వస్తున్నా. మీ ఆయన మాటలో నిజమున్న సగం ఇదే. నలుపూ తెలుపూ అన్ని రంగులూ మావే అనే ఇట్లాంటి చోట్ల మన రంగు మనిషిని చూడగానే దీపావళి గుర్తొస్తుంది, దీపావళి అనగానే సమోసా గుర్తొస్తుంది. చెడుబుద్ధి కాదు, ఆలోచన అంతవరకే వచ్చి ఆగింది. పైగా నువ్వు లూథరన్ పిల్లవి, మీ ఇంట్లో చిన్నప్పుడు దీపావళికి ఏం చేశారో కూడా ఎవరూ అడిగి ఉండరు. ఈసారి అడిగితే "సమోసాలు షాపులో దొరుకుతాయి, నేను మాట్లాడతాను" అను. మాట్లాడటానికి బోలెడుంది. రాజా రామమోహన్ రాయ్ 1821లో కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టారు, 1828లో బ్రహ్మసభ, అదే తర్వాత బ్రహ్మసమాజం. మేఘాలయ ఖాసీ కొండల్లో 1887 నుంచి యూనిటేరియన్లున్నారు. ఈ లిబరల్ మతం అమెరికా వాళ్ళు మనకి వడ్డించింది మాత్రమే కాదు.

మా రాజమండ్రి సంగతి కూడా చెప్పొచ్చు. వీరేశలింగం పంతులుగారు అక్కడ ఆ బ్రహ్మసమాజం బాటలోనే ప్రార్థన సమాజం పెట్టి, 1881 డిసెంబర్‌లో మొదటి వితంతు వివాహం చేయించారు, అది అందరికీ తెలుసు, స్కూల్లో చదివాం. ఆ పెళ్ళికి వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు, అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివారికి వంట చేశారు. ఆవిడ లేకపోతే ఆ పెళ్ళి భోజనం లేదు. విగ్రహం పంతులుగారిది. ఎంత గొప్ప సంస్కరణ సభైనా చివరికి వంటిల్లు ఎవరిదన్న దగ్గరికొచ్చేసరికి అందరూ సనాతనులే అయిపోతారని నాకనిపిస్తుంది, ఈ మాట కాస్త కటువుగా ఉంటే ఉండనీ.

అందుకే బోర్డు విషయంలో నా సలహా నువ్వు అనుకున్నదానికి ఉల్టా ఉంటుంది. నువ్వు బోర్డు వద్దని, కాఫీ ఎలాగోలా లాగుదామని అనుకుంటున్నావు, రాతలో తెలిసిపోతోంది. నేనేమంటానంటే కాఫీ వదిలెయ్, బోర్డుకి ఒప్పుకో. మనకి మొహమాటం ఎక్కువ కాబట్టి వంటింటి పనికి తలూపుతాం, నిర్ణయాలు చేసే కుర్చీ ఇస్తే మాత్రం "అమ్మో నాకెందుకు, నా ఇంగ్లీషు యాస" అని వెనక్కి తగ్గుతాం. కాఫీకి మనిషిని జీతానికి పెట్టాలా, అసలు వారం వారం కాఫీ అవసరమా, తొమ్మిది మంది మీద ఎన్ని కమిటీలు నడుపుతున్నాం, అందులో ఏవి మూసెయ్యొచ్చు, ఇవన్నీ తేలేది బోర్డులోనే, సింకు దగ్గర కాదు. కానీ షరతు పెట్టు, కాఫీ నుంచి బయటికొచ్చాకే, సంతకం ముందు. రెండూ చేస్తానన్నావో, ఆర్నెల్లలో మీ ఆయన మాటే నిజమవుతుంది. ఇంటి పరిస్థితి, ఉద్యోగం, పాప ఇవన్నీ చూసుకుంటే మూడేళ్ళు నిజంగానే కుదరదనిపిస్తే అదీ చెప్పెయ్, ఎవరైనా మధ్యలో మానేసిన ఏడాది ఖాళీ ఉంటే చూస్తానను.

కాదనడం ఎట్లా అన్నావు. ఇక్కడ ఒక భాషా చిక్కుంది, నాకు అర్థమవ్వడానికి పదేళ్ళు పట్టింది. మనం "చూద్దాంలెండి" అంటే కుదరదని అర్థం, అవతలి మనిషి తెలుగువాడైతే ఆ "లెండి"లోనే పట్టేసి ఇంకొకళ్ళని చూసుకుంటాడు. అదే మాటని మనం ఇంగ్లీషులో "లెట్ మీ సీ, ఐ విల్ ట్రై" అన్నామనుకో, అమెరికా ఆవిడ అక్కడికక్కడే క్లిప్‌బోర్డులో నీ పేరు రాసేసుకుంటుంది. పాపం ఆవిడ తప్పేం లేదు, నువ్వు ఒప్పుకున్నావనే అనుకుంది. ఇంటికొచ్చి మనం "చూశావా ఎంత మొండిది, మొహం మీద చెప్పినా వినలేదు" అనుకుంటాం. అసలు చెప్పనే లేదు! "నో, ఐ కాంట్" అను, కారణాలు చెప్పకు, కారణం చెప్తే ఆవిడ ఆ కారణానికి పరిష్కారం వెతికి పెడుతుంది. మొదటిసారి గొంతులో వెలక్కాయ పడ్డట్టుంటుంది. ఆవిడ "ఓ, ఓకే, థాంక్స్ ఫర్ టెల్లింగ్ మీ" అని పక్కవాళ్ళ దగ్గరికెళ్ళిపోతుంది, నువ్వు అక్కడే నిలబడి ఇంతేనా అనుకుంటావు.

పూల పండగ గురించి కూడా ఒక ముక్క చెప్పి ఆపుతా, సీజను దగ్గర పడుతోంది కాబట్టి. 1923లో ప్రాగ్‌లో నోర్బర్ట్ చాపెక్ అనే యూనిటేరియన్ మినిస్టర్ మొదలుపెట్టింది కదా, ప్రతివాళ్ళూ ఒక పువ్వు తెచ్చి అందరిదీ కలిపి పెట్టి, వెళ్ళేటప్పుడు వేరేవాళ్ళ పువ్వొకటి తీసుకెళ్ళడం. ఎంత అందమైన ఆలోచన, చెప్తుంటేనే బావుంటుంది. కానీ సగం మంది మర్చిపోయి ఉత్త చేతులతో వస్తారు, వాళ్ళు చిన్నబోకుండా ఎవరో ఒకరు పొద్దున్నే సూపర్ మార్కెట్‌కెళ్ళి నాలుగు కట్టలు కొని బకెట్‌లో నీళ్ళు పోసి గుమ్మం దగ్గర పెడతారు. ఈ ఏడు ఆ బకెట్ మనిషివి నువ్వే అయి ఉంటావని నా అనుమానం. అవకు. ఆ పని నీకు నచ్చితే ఒక పదేళ్ళ పిల్లనీ వాళ్ళ తాతనీ కలిపి పంపు, పాప ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరుంటారు.

ముందుగా ఈ ఆదివారం చెయ్యాల్సింది ఒక్కటే. వంటింటి తాళంచెవి నీ గుత్తిలోనే ఉండుంటుంది, అది తీసి ఆఫీసు గదిలో మేకుకి తగిలించు, ఎక్కడుందో నలుగురికి చెప్పు. వచ్చే నెలలో రెండు వారాలు కాఫీ ఉండకపోవచ్చు, దారిలో నీకొక కప్పు కొనుక్కుని వెళ్ళు, ఖాళీ అర్న్ చూసి నీ చెయ్యి స్విచ్ మీదకి పోకుండా అది పట్టుకుని నిలబడు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళు, ఆయనకి ఆ గొట్టం సంగతి నేర్పించు, ఎట్లాగూ ఇంట్లో కాఫీ ఆయనే కలుపుతాడేమో నాకు తెలీదు కానీ.

— అక్క